అటైన్‌మెంట్ 2.4... ఇంతకీ ఏం వచ్చు?

ప్రోగ్రాములకు అక్రెడిటేషన్ ఇచ్చే ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్) బృందం వస్తోందంటే ఇంజినీరింగ్ కాలేజీలో నెల ముందు నుంచే పాఠాలు వెనకబడతాయి, ప్రింటర్లు ముందుకొస్తాయి. ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో కోర్స్ ఫైలు. అందులో సిలబస్, లెసన్ ప్లాన్, మిడ్ ప్రశ్నపత్రాలు, బాగా రాసినవి, మధ్యరకానివి, అంతంతమాత్రంగా ఉన్నవి అని ఏరి పెట్టిన జవాబు పత్రాలు, వెనకబడినవాళ్లకు పెట్టిన రెమెడియల్ క్లాసుల హాజరు పట్టిక. అన్నిటికీ చివర ఒక ఎక్సెల్ షీటు. దాని అడుగు వరుసలో ఒక అంకె: 2.4. మూడుకు రెండు పాయింట్ నాలుగు. డేటా స్ట్రక్చర్స్ సబ్జెక్టులో ఆ సెక్షన్ పిల్లలు నేర్చుకున్నదానికి కాలేజీ కట్టిన లెక్క అది. దాన్నే అటైన్‌మెంట్ అంటారు.

ఆ అంకె పుట్టుక తెలుసుకోదగ్గది. ప్రతి సబ్జెక్టుకూ అయిదారు ‘కోర్స్ అవుట్‌కమ్స్’ ఉంటాయి. స్టాఫ్ రూము భాషలో సీఓలు. ఈ సబ్జెక్టు చదివాక విద్యార్థి ఏం చేయగలగాలో చెప్పే వాక్యాలివి. మిడ్ పేపర్లో ప్రతి ప్రశ్న పక్కనా అది ఏ సీఓ కిందికి వస్తుందో, బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో కట్టిన మెట్లలో ఎన్నో మెట్టుదో రాస్తారు. నూటికి 60 మార్కులు దాటడం లక్ష్యం అనుకుందాం. సెక్షన్‌లో 70 శాతం మంది ఆ గీత దాటితే స్థాయి 3, 60 శాతం దాటితే 2, సగం మంది దాటితే 1. గీత ఎక్కడ గీయాలో తేల్చుకునేది కాలేజీయే. మిడ్‌లలో 3, యూనివర్సిటీ పరీక్షలో 2 వచ్చాయనుకుంటే, 30–70 పాళ్లలో కలిపితే 2.3. ఇది ప్రత్యక్ష మదింపు. సెమిస్టర్ చివర పిల్లల చేత నింపించే అభిప్రాయ పత్రం పరోక్ష మదింపు. అందులో 2.8 వచ్చిందనుకోండి. 80–20 పాళ్లలో రెండూ కలిపితే సరిగ్గా 2.4. లెక్కలో తప్పేమీ లేదు.

తిరకాసంతా లెక్కలో పోసిన సరుకులో ఉంది. అనుబంధ కాలేజీకి యూనివర్సిటీ నుంచి వచ్చేది సబ్జెక్టు మొత్తానికి ఒకే ఫలితం. ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులు పడ్డాయో కాలేజీకి తెలియదు. లింక్డ్ లిస్టులు బాగా వచ్చి గ్రాఫుల దగ్గర తడబడిన సెక్షన్ అయినా, దానికి తలకిందులైన సెక్షన్ అయినా, అన్ని సీఓలకూ అదే 2 పడుతుంది. అంటే 70 శాతం బరువు మోసే భాగానికి, ఏది వచ్చు ఏది రాదు అని విడదీసి చెప్పే శక్తే లేదు. ఇక అభిప్రాయ పత్రం సంగతి. ఆఖరి క్లాసులో, బస్సు టైమవుతుండగా, ‘మీకు ఈ అంశం ఏ మేరకు అర్థమైంది’ అన్న గడిలో సెక్షన్ అంతా ఒకే చోట టిక్కు పెడుతుంది.

సీఓల నుంచి ప్రోగ్రాం అవుట్‌కమ్స్‌కు, అంటే పీఓలకు ఎక్కే మెట్టు ఇంకా విచిత్రం. డిగ్రీ మొత్తానికి ఎన్‌బీఏ పెట్టిన పీఓలు చాలాకాలం 12. ఇటీవల 11కు కుదించింది. ఇంజినీరింగ్ పరిజ్ఞానం, సమస్యను విశ్లేషించడం, డిజైన్ లాంటివాటితో మొదలై నైతికత, బృందంలో పని, భావ వ్యక్తీకరణ, జీవితాంతం నేర్చుకునే గుణం దాకా ఉంటాయి. ఒక్కో సీఓకు ఒక్కో పీఓతో ఎంత సంబంధముందో 1, 2, 3 అంకెలతో పట్టిక నింపుతారు. మిగతా పని ఎక్సెల్ చేసిపెడుతుంది. ఇరవై రెండేళ్ల కుర్రాళ్ల బ్యాచ్‌లో జీవితాంతం నేర్చుకునే గుణం 1.87 ఉందని రెండు దశాంశాల దాకా తేల్చి చెప్పే శాస్త్రం మన కోర్స్ ఫైళ్లలో తప్ప మరెక్కడా లేదేమో.

ఇదంతా చదివి, దీని వెనకున్న ఫలితాధారిత విద్య అన్న ఆలోచనే దండగ అనుకుంటే పొరపాటు. మన దేశం 2014 జూన్‌లో వాషింగ్టన్ అకార్డ్‌లో పూర్తిస్థాయి సభ్యత్వం పొందింది. మన ఇంజినీరింగ్ డిగ్రీకి ఇతర సభ్య దేశాల్లో సమాన గుర్తింపు దక్కేందుకు అది దారి. అయితే ఆ గుర్తింపు వర్తించేది టయర్–1 పద్ధతిలో, అంటే యూనివర్సిటీలూ అటానమస్ కాలేజీలూ నడిచే పద్ధతిలో అక్రెడిటేషన్ పొందిన ప్రోగ్రాములకే. ఫలితాధారిత పద్ధతికి ముందు తనిఖీ బృందాలు గదుల కొలతలు, లైబ్రరీలో పుస్తకాలు, ల్యాబ్‌లో కంప్యూటర్లు లెక్కపెట్టి వెళ్లేవి. ‘మీరేం చెప్పారో కాదు, పిల్లలకు ఏం వచ్చిందో చూపండి’ అని అడగడం కచ్చితంగా ముందడుగు. అయితే ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే పిల్లలు పని చేస్తుండగా ఎవరో ఒకరు దగ్గరుండి చూడాలి. ఆ చూపు మన దగ్గర లేదు. ఉన్నవల్లా పాత పరీక్షల మార్కులు. వాటినే కొత్త సూత్రంలో పోసి కొత్త అంకె తీస్తున్నాం. పైగా ఆ అంకె బృందానికి చేరుతుంది, ఫైలుకు చేరుతుంది, ఎవరి గురించో ఆ విద్యార్థికి మాత్రం చేరదు. డేటా స్ట్రక్చర్స్‌లో తన సెక్షన్‌కు 2.4 వచ్చిందని తెలిసిన విద్యార్థి ఉండడు. తెలిసినా దాంతో చేసుకునేదీ లేదు.

ఈ జబ్బుకు మూలం నిన్న మొన్నటిది కాదు. మన ఆధునిక విశ్వవిద్యాలయాలు పుట్టిందే పరీక్షలు పెట్టడానికి. 1854 నాటి వుడ్ డిస్పాచ్ సిఫారసుతో 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు వెలిశాయి. వాటికి నమూనా అప్పటి లండన్ యూనివర్సిటీ. అది స్వయంగా పాఠం చెప్పదు, పరీక్ష పెట్టి పట్టా ఇస్తుంది. రాజమండ్రిలో, మచిలీపట్నంలో, విజయనగరంలో కాలేజీలు పాఠాలు చెప్పేవి; ఎవరికి ఎంత వచ్చో మద్రాసు చెప్పేది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చాక ఊరు మారింది గాని, అనుబంధ కాలేజీల వరకు పద్ధతి మారలేదు. పాఠం చెప్పినవాడు మార్కు వేస్తే పక్షపాతం చూపుతాడన్న అనుమానం ఆ ఏర్పాటు పునాదిలోనే ఉంది. ఆ అనుమానానికి ఆధారాలు లేకపోలేదు. కానీ దాని ఖరీదు ఏమిటంటే, విద్యార్థిని సంవత్సరమంతా చూసిన మనిషికి అతని గురించి చెప్పే హక్కు పోయింది. అతని ముఖం ఎన్నడూ చూడని మనిషి మూడు గంటల జవాబు పత్రం చూసి తీర్పు చెప్పసాగాడు. అధ్యాపకుడు మరొకరు పెట్టే పరీక్షకు తర్ఫీదు ఇచ్చేవాడిగా మిగిలాడు. ‘ఇంపార్టెంట్ క్వశ్చన్లు’ అన్న మాట మన క్యాంపస్ భాషలోకి వచ్చింది ఆ దారినే.

సర్వేపల్లి రాధాకృష్ణన్‌కు ఈ సంగతి లోపలి నుంచి తెలుసు. 1931 నుంచి 1936 దాకా ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్. ఆయన అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ 1949లో ఇచ్చిన నివేదికలో, ఒకే ఒక్క సంస్కరణ సూచించమంటే పరీక్షల సంస్కరణనే సూచిస్తామన్న అర్థంలో రాసింది. ఆ తర్వాత కొఠారీ కమిషన్ (1964–66) మంచి కాలేజీలకు స్వయంప్రతిపత్తి ఇమ్మంది. అంటే సిలబస్, పరీక్ష, వాల్యుయేషన్ కాలేజీయే చూసుకుంటుంది, పట్టా మాత్రం యూనివర్సిటీ ఇస్తుంది. ఇవాళ తెలుగు రాష్ట్రాల్లో పేరున్న ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో చాలావాటి బోర్డు మీద ‘అటానమస్’ అని ఉంటుంది.

అంటే తీర్పు చెప్పే హక్కు తిరిగి అధ్యాపకుడి దగ్గరకు వచ్చిందా? వచ్చింది యాజమాన్యం దగ్గరకు. సరుకు అమ్మేవాడే తక్కెడ పట్టుకున్నట్టయింది. ఫలితాల శాతం తగ్గితే వచ్చే కౌన్సెలింగ్‌లో సీట్లు మిగులుతాయి, న్యాక్ అక్రెడిటేషన్ పత్రంలో ఆ గడి వెలవెలబోతుంది. ఇవన్నీ తెలిసిన అటానమస్ కాలేజీలో ప్రశ్నపత్రం ఎంత ఘాటుగా ఉండాలో ఎవరూ చెప్పక్కర్లేదు. అటానమస్ కాలేజీలన్నీ ఇలాగే ఉన్నాయనడం అన్యాయం. ఆ స్వేచ్ఛను వాడుకుని ప్రాజెక్టులు, ఓపెన్ బుక్ పరీక్షలు పెట్టిన విభాగాలూ ఉన్నాయి. అయితే అది ఫలానా హెచ్‌ఓడీ చలవే తప్ప వ్యవస్థ గొప్పతనం కాదు. ఆయన వెళ్లిపోతే ఆ పద్ధతీ వెళ్లిపోతుంది.

ఈలోగా మార్కుల పాళ్లు మాత్రం కాలేజీ వైపు జరుగుతున్నాయి. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో ఒకప్పుడు ఇంటర్నల్స్‌కు 25, ఎక్స్‌టర్నల్‌కు 75. ఆర్–22 నిబంధనలతో అది 40–60 అయింది. ఆ 40లో మిడ్‌కు 30, అసైన్‌మెంటుకు 5, సబ్జెక్టు వైవా లేదా ప్రజెంటేషన్‌కు 5. ఏపీలో జేఎన్‌టీయూ కాకినాడ పరిధిలో 30–70. అక్కడ మరో మెలిక ఉంది: రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం బరువు. మొదటి మిడ్‌లో 28, రెండో మిడ్‌లో 10 వచ్చిన విద్యార్థికి సగటు కడితే 19 రావాలి. ఈ లెక్కన 24.4 వస్తుంది. మొదట తడబడి తర్వాత కోలుకున్నవాడికి మేలు చేయాలన్నది ఉద్దేశం. మంచిదే. కానీ మొదటి మిడ్ బాగా రాసి, రెండో సగం సిలబస్‌ను గాలికొదిలేసిన వాడికీ అదే మేలు దక్కుతుంది. ఎవడు ఎదిగాడో, ఎవడు జారిపోయాడో ఆ 24.4 చెప్పదు. విద్యార్థికి కావాల్సిన సమాచారం మాత్రం సరిగ్గా అదే.

ఆ వైవాకు కేటాయించిన 5 మార్కుల మీద నాకు కొంత ఆశ ఉంది. థియరీ సబ్జెక్టుల పరీక్షా నిబంధనల్లో అధ్యాపకుడు, విద్యార్థి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలని చెప్పే వాక్యం అదొక్కటే. అరవై మంది సెక్షన్‌లో తలా అయిదు నిమిషాలు చొప్పున అయిదు గంటలు పడుతుంది. చేయలేనిది కాదు. చేస్తున్నారా అంటే, చాలాచోట్ల ఆ అయిదు మార్కులు హాజరును బట్టో, మిడ్ మార్కును బట్టో పడిపోతాయి. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక అసైన్‌మెంటు మార్కుల గురించి మాట్లాడుకోవడమే దండగ. అంతకుముందైనా ఒకడు రాస్తే ముప్పై మంది దించేవారు. ఆ ఒకడైనా నేర్చుకునేవాడు. ఇప్పుడు ఆ ఒకడి అవసరమూ తీరిపోయింది. కాబట్టి ముఖాముఖి మాట్లాడే అయిదు నిమిషాల విలువ మునుపటికన్నా ఎన్నో రెట్లు పెరిగింది. ‘నువ్వు రాసిన ఈ ఫంక్షన్‌లో ఈ లైను తీసేస్తే ఏమవుతుంది?’ అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు, రాసింది ఎవరో బయటపడుతుంది.

చేతి పని తెలియాల్సింది ల్యాబ్‌లో. అక్కడి తంతు ఇంజినీరింగ్ చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు. అబ్జర్వేషన్ పుస్తకంలో రీడింగులు రాసుకుని సార్ చేత సంతకం పెట్టించుకోవాలి. ఇంటికెళ్లి దాన్నే రికార్డులో శుభ్రంగా ఎక్కించాలి, బొమ్మలు పెన్సిల్‌తో. రికార్డు లేకపోతే ఎక్స్‌టర్నల్‌కు కూర్చోనివ్వరు. ఒక సెమిస్టర్‌లో విద్యార్థి చేత్తో రాసే పేజీల్లో సింహభాగం ఈ రికార్డులే. డయోడ్ వోల్టేజీ పెంచితే కరెంటు ఎలా పెరిగిందో చూపే గ్రాఫు సీనియర్ రికార్డులో ఎలా వంగిందో జూనియర్ రికార్డులోనూ చుక్క తేడా లేకుండా అలాగే వంగుతుంది. మీటరు తప్పు చూపి వేరే రీడింగ్ వచ్చిందనుకోండి, దాన్ని ఉన్నదున్నట్టు రాసి, ఎందుకలా వచ్చిందో వెతికినవాడు నిజంగా ఇంజినీరు అవుతాడు. మన రికార్డులో అతనికి ‘రిపీట్’ పడుతుంది. దాంతో మరుసటి వారం నుంచి అతను కూడా రావాల్సిన రీడింగులే రాస్తాడు.

చివర ఎక్స్‌టర్నల్. చీటీ తీసి, వచ్చిన ప్రయోగం రాసి, చేసి, అవుట్‌పుట్ చూపి, వైవాకు నిలబడాలి. ఒక పూటకు ముప్పై మంది బ్యాచ్. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒక్కరు, లోపలి ఎగ్జామినర్ ఒక్కరు. మూడు గంటలను ముప్పై మందికి పంచితే తలా ఆరు నిమిషాలు. అందులో జవాబు పత్రం దిద్దడం, మార్కుల షీటు నింపడం, మధ్యలో టీ పోగా మిగిలేది రెండు మూడు ప్రశ్నలు. పైగా ఈ ఎగ్జామినర్ కాలేజీకి వచ్చే వారం ఆ లోపలి ఎగ్జామినర్ వెళ్లొచ్చు. కాబట్టి ల్యాబ్‌లో తక్కువ మార్కులు వచ్చాయని ఏడ్చిన విద్యార్థి అరుదు. ప్రోగ్రాం నడవకపోయినా, ‘ప్రొసీజర్ రాశాడు కదా’ అన్న దయ ఉంటుంది.

పక్కనే ఉన్న మెడికల్ కాలేజీ నుంచి ఇంజినీరింగ్ కాలేజీలు నేర్చుకోదగ్గది ఇక్కడుంది. స్కాట్లండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ 1975లో ఓస్కీ అనే పరీక్షా పద్ధతిని ప్రకటించాడు. అంతవరకు వైద్య విద్యార్థి క్లినికల్ పరీక్ష అదృష్టం మీద నడిచేది: ఎవరికి ఏ రోగి వస్తాడు, ఎవరు ఎగ్జామినర్‌గా కూర్చుంటారు అన్నదాన్ని బట్టి మార్కులు. హార్డెన్ పద్ధతిలో వరసగా కొన్ని స్టేషన్లుంటాయి. ఒకచోట బీపీ చూడాలి, ఒకచోట ఎక్స్‌రే చదవాలి, మరొకచోట రోగి బంధువుకు జబ్బు సంగతి వివరించాలి. గంట కొట్టగానే విద్యార్థి తర్వాతి స్టేషన్‌కు వెళతాడు. ప్రతి స్టేషన్‌లోనూ వేరే ఎగ్జామినర్, చేతిలో చెక్‌లిస్టు. చేతులు కడుక్కున్నాడా, కఫ్ సరైన చోట కట్టాడా, రోగికి ముందుగా చెప్పాడా. అందరికీ అవే పనులు, అవే కొలతలు. మన దేశంలో 2019 ఎంబీబీఎస్ బ్యాచ్ నుంచి సామర్థ్యాధారిత పాఠ్యక్రమం వచ్చాక ఓస్కీ మాట మన మెడికల్ కాలేజీల్లోనూ తరచు వినబడుతోంది. దాంతోపాటు లాగ్‌బుక్కూ వచ్చింది. అది కూడా రికార్డు బాట పట్టదని హామీ ఏమీ లేదనుకోండి. అయినా అడుగుతున్న ప్రశ్న సరైనది. జార్జ్ మిల్లర్ అనే వైద్య విద్యావేత్త 1990లో ఈ ప్రశ్నను నాలుగు మెట్లుగా విడదీశాడు: విషయం తెలుసా, ఎలా చేయాలో తెలుసా, చేసి చూపగలడా, రోజువారీ పనిలో నిజంగా అలా చేస్తాడా. మన మిడ్, సెమిస్టర్ పరీక్షలు మొదటి రెండు మెట్ల దగ్గరే తచ్చాడుతున్నాయి. మూడో మెట్టు కోసం పెట్టుకున్న ల్యాబ్‌ను కూడా మనం రాత పనిగా మార్చేశాం.

ఓస్కీ తరహా స్టేషన్లు ఇంజినీరింగ్ ల్యాబ్‌లోనూ పెట్టొచ్చు. సర్వే మెళకువలు నేర్పే సివిల్ ల్యాబ్‌లో టోటల్ స్టేషన్ అనే పరికరాన్ని అయిదు నిమిషాల్లో సరిగా నిలబెట్టి లెవెల్ చేయడం ఒక స్టేషన్. నడవని ప్రోగ్రాం ఇచ్చి తప్పు ఎక్కడుందో కనిపెట్టమనడం ఒకటి. సర్క్యూట్ బోర్డు మీద ఊడిన కనెక్షన్ పట్టుకోవడం మరొకటి. ఇవి పెట్టడానికి కోట్ల రూపాయల పరికరాలేమీ అక్కర్లేదు. ముప్పై మందిని ఆరు స్టేషన్లలో తిప్పితే ఒక పూటలో అయిపోతుంది. ఆరుగురు అధ్యాపకులు కావాలి, అదొక్కటే కష్టం.

కాలేజీ మార్కులకు ఉద్యోగాలిచ్చేవాళ్లు ఇస్తున్న విలువ ఏపాటిదో క్యాంపస్‌కు వచ్చిన కంపెనీల తీరు చూస్తే తెలిసిపోతుంది. 60 శాతం ఉండాలి, బ్యాక్‌లాగులు ఉండకూడదు అంటారు. అంటే నాలుగేళ్ల మార్కులు గేటు దగ్గర జల్లెడకే పనికొస్తున్నాయి. గేటు దాటాక వాళ్ల పరీక్ష వాళ్లదే: ఆప్టిట్యూడ్, కోడింగ్, ఇంటర్వ్యూ. టీసీఎస్ లాంటి సంస్థలు దేశమంతటికీ కలిపి సొంతంగా అర్హత పరీక్షలు నడుపుతున్నాయి. కాలేజీ 2.4 అన్న అటైన్‌మెంటును ఏ హెచ్‌ఆర్ మేనేజరూ అడిగిన పాపాన పోలేదు. దీనికి కాలేజీల స్పందన మరీ విడ్డూరం. తమ మదింపును బాగుచేసుకునే బదులు మూడో ఏడాదిలో సీఆర్‌టీ (క్యాంపస్ రిక్రూట్‌మెంట్ ట్రైనింగ్) క్లాసులు మొదలుపెట్టి, బయటి ట్రైనర్లను పిలిచి కంపెనీ పరీక్షకు తర్ఫీదు ఇప్పిస్తున్నాయి. కాలేజీయే తన పరీక్షను నమ్మడం లేదని ఒప్పుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

ప్రాజెక్టు సంగతి అందరికీ తెలిసిందే. అమీర్‌పేటలో రెడీమేడ్‌గా దొరుకుతుందని తెలియని విద్యార్థి లేడు, తెలియని గైడూ లేడు. ఏపీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పేరుతో పిల్లలను ఊళ్లలోకి పంపుతున్న ఏర్పాటు మాత్రం ఆలోచన వరకు బాగుంది. ముక్కూమొహం తెలియని ఇంటి అరుగు మీద కూర్చుని, ‘అమ్మా, నీళ్లు ఎంత దూరం నుంచి తెచ్చుకుంటున్నారు?’ అని అడిగి, విన్నది రాయడం కన్నా మంచి పరీక్ష భావ వ్యక్తీకరణకు ఉండదు. కానీ దానికీ చివర మార్కు పడేది లాగ్‌బుక్కు అట్ట మీద.

మార్కు లేకుండా, గ్రేడు లేకుండా మదింపు నడిపిన కాలేజీ ఒకటుంది. అమెరికాలోని మిల్వాకీలో ఉన్న అల్వెర్నో కాలేజీ. క్యాథలిక్ సన్యాసినులు పెట్టిన మహిళా కాలేజీ అది. 1973 నుంచి అక్కడ ఏ, బీ, సీ గ్రేడుల స్థానంలో ఎనిమిది సామర్థ్యాలు పెట్టుకున్నారు: భావ వ్యక్తీకరణ, విశ్లేషణ, సమస్య పరిష్కారం, విలువల ఆధారంగా నిర్ణయం తీసుకోవడం, నలుగురితో కలిసి పనిచేయడం, ప్రపంచ దృష్టి, పౌర బాధ్యత, కళాస్పృహ. ప్రతి సామర్థ్యానికీ స్థాయిలున్నాయి. విద్యార్థిని పని చేస్తుంటే చూసి, ఏది బాగుందో, ఏది ఇంకా రాలేదో అధ్యాపకురాలు రాసి ఇస్తుంది. అంతకన్నా ముందు విద్యార్థినే తన పనిని తాను అంచనా వేసుకోవాలి. మొదట్లో మాట్లాడిన తీరు, తర్వాతి ఏళ్లలో మాట్లాడిన తీరు వీడియోలో దాచి పక్కపక్కన పెట్టి చూసుకునే ఏర్పాటు ఉంది. కొన్ని మదింపులకు ఊళ్లోని ఉద్యోగులు, వృత్తి నిపుణులు శిక్షణ పొంది వచ్చి కూర్చుంటారు. గమనించాల్సిందేమంటే, అక్కడి తీర్పు మొదట చేరేది విద్యార్థినికి. మిగతా అందరికీ ఆ తర్వాతే.

ఇది చవకైన పద్ధతి కాదు. చిన్న కాలేజీ, చిన్న క్లాసులు, రాసి ఇచ్చే ఓపిక ఉన్న అధ్యాపకులు ఉంటేనే నడుస్తుంది. ఆ కాలేజీయే 2024లో తీవ్ర ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్నట్టు ప్రకటించి కోర్సులు, ఉద్యోగాలు తగ్గించుకుంది. అమెరికాలో చిన్న కాలేజీలు ఎన్నో అదే అవస్థలో ఉన్నాయి కాబట్టి తప్పు మదింపు పద్ధతిదని చెప్పలేం. ఒక్కో విద్యార్థినీ విడిగా చూసే చదువు మాత్రం ఖర్చుతో కూడినదే. నలభై సెక్షన్లున్న మన కాలేజీకి దాన్ని ఎత్తుకొచ్చి అతికించలేం. ఒక ముక్క తెచ్చుకోవచ్చు: మొదటి ఏడాది పని, చివరి ఏడాది పని పక్కపక్కన పెట్టడం. మొదటి సెమిస్టర్‌లో ప్రతి విద్యార్థీ రాసిన సీ ప్రోగ్రాం ఒకటి, అది నడవకపోయినా సరే, కాలేజీ సర్వర్‌లో దాచి ఉంచాలి. ఆరో సెమిస్టర్‌లో అదే మాదిరి సమస్య ఇచ్చి, రెండూ ఎదురుగా పెట్టి, ఏం మారిందో అతని చేతే చెప్పించాలి. ఒక్కొక్కరికి పది నిమిషాలు చొప్పున అరవై మందికి పది గంటలు. ఒక్క కోర్స్ ఫైలు కుదించుకుంటే ఆ పది గంటలు దొరుకుతాయి.

యూనివర్సిటీలు చేయగలిగిన పని ఇంకా తేలిక. జవాబు పత్రాలను స్కాన్ చేసి కంప్యూటర్ తెర మీద దిద్దే పద్ధతి మన దగ్గరకూ వచ్చింది. అలా దిద్దినచోట ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులో ఎక్కడో ఒక సర్వర్‌లో ఉన్నట్టే. పేర్లు తీసేసి, ప్రశ్నవారీ మార్కులను కాలేజీలకు ఇస్తే చాలు. గ్రాఫుల దగ్గర తడబడింది ఎందరో రెండో రోజే తెలిసిపోతుంది. 2.4 కట్టడానికి ఎంత కష్టపడినా బయటపడని సంగతి అది. విద్యార్థికి కూడా తన ప్రశ్నవారీ మార్కులు ఫలితాలతోపాటే ఇవ్వాలి. ఇప్పుడైతే తన జవాబు పత్రం నకలు చూడాలంటే ఫీజు కట్టి, గడువు చూసుకుని దరఖాస్తు పెట్టుకోవాలి. తను రాసిన కాగితం తను చూసుకోవడానికి రుసుము ఎందుకో ఏ పరీక్షల కంట్రోలరూ వివరించినట్టు లేదు.

ఎన్‌బీఏ బృందాలు వచ్చినప్పుడు విద్యార్థులతో మాట్లాడటం ఇప్పుడూ ఉంది. కానీ ఆ గదిలోకి ఎవరిని పంపాలో కాలేజీకి బాగా తెలుసు. దానికి బదులు హాజరు పట్టికలోంచి రోల్ నంబర్లు చీటీ తీసి పది మందిని పిలిచి, గంటలో అయ్యే చిన్న పని ఇచ్చి చూడొచ్చు. బృందంలో ఉన్నవాళ్లంతా ప్రొఫెసర్లే, వాళ్లకు చూడటం తెలుసు. ఫైళ్ల మీద పెట్టే రెండు రోజుల్లో ఒక పూట దీనికి కేటాయిస్తే, వచ్చే ఏడాది కాలేజీలు తయారయ్యే తీరే మారుతుంది. మన కాలేజీలు దేన్ని తనిఖీ చేస్తే దానికి తయారవుతాయి. ఆ విషయంలో వాటి సమర్థతను శంకించనవసరం లేదు.

ఇవన్నీ చేసినా ఒక చిక్కు మిగులుతుంది. పని చూసి ‘ఇతనికి ఇంకా రాలేదు’ అని రాయాల్సింది అధ్యాపకుడు. సబ్జెక్టు ఫలితాల శాతం తగ్గితే సంజాయిషీ రాయించుకుని, ఇంక్రిమెంటు ఆపే యాజమాన్యం కింద, ఏడాదికేడాది ఒప్పందం మీద పనిచేసే అధ్యాపకుడు ఆ వాక్యం రాయడు. అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) 2018లో అధ్యాపక–విద్యార్థి నిష్పత్తిని 1:15 నుంచి 1:20కి సడలించాక అతని మీద సెక్షన్ల భారమూ పెరిగింది. స్వయంప్రతిపత్తి ఇచ్చేటప్పుడు యూజీసీ కాలేజీ భవనాలు, ఫలితాలు, న్యాక్ గ్రేడు అడుగుతుంది. నిజాయితీగా మార్కు తగ్గించిన అధ్యాపకుడిని మీరేం చేస్తారని అడగదు. ఫలితాల శాతాన్ని అధ్యాపకుల జీతంతో, కొనసాగింపుతో ముడిపెట్టకూడదన్న ఒక్క షరతు ఆ దరఖాస్తులో చేర్చడానికి చట్టం మార్చక్కర్లేదు, బడ్జెట్టూ అక్కర్లేదు. రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు యూజీసీకి రాయాల్సిన మొదటి లేఖ దీని గురించే కావాలి.